చచ్చినది నీది

మా ఊరి చర్చి అయ్యగారిని సమాధి చేసిన రోజున, నరసరావుపేట నుంచి వచ్చిన పాస్టరుగారు మైకు పుచ్చుకుని, "మనల్ని విడిచి వెళ్లిన ఈ దైవజనుడు క్షమాగుణానికి నిలువెత్తు రూపం" అన్నారు. వెనక వరస ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న నేను దగ్గాను. నా పక్కనున్న, ఆయన్ని ఎక్కించుకు తిరిగిన ఆటో అతను కూడా దగ్గాడు. ఇద్దరికీ జలుబు లేదు.

పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మర్యాదే, కాదనను. కానీ పక్కవాడు సరుకు మీద తప్పుడు లేబులు అంటిస్తుంటే చూస్తూ ఊరుకునే వంశం కాదు మాది. ఆ హక్కు మాకొక్కరికే ఉండాలనుకుంటాం. నేనెరిగినంతలో పిడుగురాళ్ల చుట్టుపక్కల ఆయనంత పగబట్టిన మనిషి ఇంకొకరు లేరు. పల్నాటి గడ్డ మీద కూర్చుని ఈ మాట రాస్తున్నానంటే ఆలోచించే రాస్తున్నాను. ఇక్కడ తాతల పగలు మనవలకి పొలాలతో పాటే పంపకానికి వస్తాయి. అయినా అవేవీ ఆయన పగ ముందు నిలవవు. పైగా ఆయన చేతిలో ఉన్న ఆయుధమల్లా ఊచ విరిగిన నల్ల గొడుగు.

మాది ఇనుప సామాన్ల కొట్టు. మేకులు, గడపారలు, మోకులు, ముళ్లతీగ. మా ఇంట్లో పిల్లలకి అక్షరాల కంటే ముందు "అంతకి రాదండీ" అనడం నేర్పుతారు. నేను డాక్టరు దగ్గరికి వెళ్లినా, మూడు పూటలు వేసుకోమన్న మాత్రని రెండు పూటలకి దించుకుని గానీ బయటికి రాను. అట్లాంటి నా కొట్టుకి అయ్యగారు మొదటిసారి వచ్చి చర్చి గేటుకి తాళం అడిగారు. ధర చెప్పాను. ఆయన కిక్కురుమనకుండా జేబులోంచి తీసి ఇచ్చేసి వెళ్లిపోయారు. నా గుండె ఆగినంత పనైంది. బేరమాడేవాడికి ఎక్కువ చెప్పకపోవడం చేతగానితనం, బేరమాడనివాడికి ఎక్కువ చెప్పడం పాపం. మా నాన్న నాకు నేర్పిన ధర్మశాస్త్రం మొత్తం ఇంతే. వెంటపడి వెళ్లి ఎక్కువైంది తిరిగిచ్చాను.

"ఇదేందయ్యా?" అన్నారు.

"మీరు బేరమాడతారనుకుని చెప్పిన ధరండీ అది."

నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశారు. "తీర్పు దినాన నీ కేసు చాలాసేపు పడుతుంది, శెట్టీ" అన్నారు.

ఆ రోజు నుంచి ఆయన సాయంత్రాలు కొట్టు ముందు బల్ల మీద కూర్చోవడం మొదలైంది. పొట్టి మనిషి. ఎప్పుడూ తెల్లచొక్కా. సున్నం బట్టీల ఊళ్లో తెల్లచొక్కా వేసుకునేవాడికి మించిన తెలివైనవాడు లేడు, దుమ్ము పడ్డా తెలియదు. కాలేజీలో పాస్టరు చదువు చదివేటప్పుడు అందరితో పాటు ఆయనా హీబ్రూ నేర్చుకున్నారట. మిగతావాళ్లు పరీక్ష కాగానే వదిలించుకున్నారు. ఈయనకి మాత్రం ఉబ్బసం పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆ భాష కుడి నుంచి ఎడమకి చదవాలి కాబట్టి పేపరు కూడా చివరి పేజీ నుంచే తిరగేసేవారు. కొన్ని మాటలకి గొంతు అడుగునుంచి ఒక చప్పుడు లాగేవారు. మొదట్లో మా గుమస్తా పాపం మంచినీళ్లు తెచ్చి ఇచ్చేవాడు.

ఆదివారం ప్రసంగంలో ఆయన చెప్పేది ఎప్పుడూ తీర్పు గురించే. సంఘం పెద్దలు వచ్చి, "అయ్యగారూ, అప్పుడప్పుడూ ప్రేమ గురించి కూడా చెప్పండి, ఆడవాళ్లు భయపడుతున్నారు" అంటే, "ప్రేమ బుధవారం" అన్నారట. బుధవారం కూటానికి వచ్చేది నలుగురే.

ఒక ఏడాది ఒక కాంట్రాక్టరు, నా ముళ్లతీగ ఒక వానకే తుప్పు పడుతుందని ఊరూరా చాటించాడు. నిజానికి రెండు వానలు ఆగుతుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అయ్యగారూ, మావాళ్లేమో శాంతిపూజలు తప్ప చేయించరు. మీ పుస్తకంలో ఘాటైన వాక్యం ఏదన్నా ఉంటే ఒకటి ఇవ్వండి. వాడి పేరు మీద చదివిస్తా."

"ఉంది. నీకు పనికిరాదు."

"సరుకు చూపించకుండా పనికిరాదంటే ఎట్లాగండీ?"

ఆయన గొడుగు కొనతో కౌంటరు చెక్క మీద ఒక్కో మాటకి ఒక్కో దెబ్బ వేశారు. "లీ. నాకామ్. వె షిల్లేమ్. మోషే చనిపోబోయే ముందు జనానికి నేర్పిన పాటలో ముక్క ఇది. ఆ పాటలో దేవుడు మాట్లాడుతున్నాడు. లీ అంటే నాది. నాకామ్ అంటే పగ. పగ నాది, అంటున్నాడు."

"అంటే పగకి డిస్ట్రిబ్యూటరు ఆయనొక్కడే."

"ఒక్కడే. పైగా అది మీ పల్నాటి పగ కాదు, నువ్వు నన్ను పొడిస్తే నా కొడుకు నీ కొడుకుని పొడవడం. అధికారం ఉన్నవాడు, రాజో న్యాయాధిపతో, అన్యాయమైపోయినవాడి పక్కన లేచి నిలబడి సరిచేస్తాడే, దానికి వాడే మాట."

"లైసెన్సున్న పగ."

"అట్లాగే అనుకో. ఇక షిల్లేమ్. ఆటోల వెనకాల షాలోం అని రాయించుకుంటారు, చూశావా? ఆ వేరులోంచి మొలిచిందే ఇది. షాలోం అంటే మనవాళ్లు సమాధానం అని రాశారు. ఆ వేరులో ఉన్నది ఏ లోటూ లేకుండా పూర్తిగా ఉండటం. షిల్లేమ్ అంటే పాడుచేసినవాడి చేతే ఆ లోటు పూర్తి చేయించడం."

"శాంతీ, వసూలూ ఒకే వేరా?"

"వసూలు కాకుండా శాంతి ఏంటయ్యా? కొట్టు నడిపేవాడివి, నీకు నేను చెప్పాలా?"

నాకా దేవుడి మీద అప్పుడే గురి కుదిరింది. ఆయన ఇంకా అయిపోలేదన్నట్టు గొడుగు ఎత్తారు. "తర్వాతది విను. లె ఏత్ తామూత్ రగ్లామ్. వేళకి వాళ్ల కాలు జారుతుందని మన తెలుగులో ఉంది. తప్పేం కాదు. కానీ అదే మాట కీర్తనల్లో కొండలు కదలడానికీ భూమి అదరడానికీ కూడా వాడారు. నడిచేవాడు చూసుకోక జారడం కాదు శెట్టీ. కాలికింద నిలకడ పోవడం."

"వేళకి అంటే ఎప్పటికండీ?"

"అందుకే నీకు పనికిరాదన్నాను. డెలివరీ ఎప్పుడని అడుగుతావు."

కాంట్రాక్టరు కాలికింద ఏమీ కదలలేదు. నా తీగ మాత్రం తుప్పు పట్టింది.

అయ్యగారి భార్యని ఊరంతా అమ్మగారనేవాళ్లు. ఆవిడ బేరమాడేది. అందుకే ఆవిడంటే నాకు ప్రాణం. బావి గిలక కోసం వచ్చి, అది వదిలేసి పక్కనున్న తాడు ధర అడిగి, దాన్ని వద్దని, చెప్పులు వేసుకుని మెట్టు దిగి, వెనక్కి తిరిగి, "గిలక ఎంతన్నావూ?" అనేది, అసలు నేనింకా చెప్పనే లేదన్న సంగతి తెలిసి కూడా. ఆవిడ వెళ్లాక నేను ఓడిపోయానని మా గుమస్తా నవ్వుతుంటే నాకు పండగలా ఉండేది. అట్లా ఓడించేవాళ్లు కొట్టుకి రోజూ రారు.

మిరప నారు వేసే రోజుల్లో, వానలు పట్టి కురుస్తుండగా, ఆవిడ పక్క పల్లెలో బాలింతరాలి కోసం ప్రార్థన చేయడానికి బయలుదేరింది. ఆ పల్లెకి పోయే కాలిదారి ఒక పాత సున్నపురాయి క్వారీ గొయ్యి అంచున పోతుంది. కూలీలు మిరప కోతలకి ఆ దారినే వెళ్లేవాళ్లు. గోతిలో తాడిచెట్టు మునిగేంత నీళ్లు. ఆవిడ అంచుతో సహా కిందికి పోయింది. మర్నాడు పైకి తీశారు.

"కాలు జారింది" అన్నారు అందరూ. స్టేషన్ కాగితంలో కూడా అదే రాశారు.

సమాధి అయిన మర్నాడు అయ్యగారు కొట్టుకొచ్చి, "శెట్టీ, నాతో రా" అన్నారు. క్వారీ దగ్గరికి తీసుకెళ్లారు. గొయ్యి అవతలి ఒడ్డున నిలబెట్టి దారివైపు చూడమన్నారు. అప్పుడు కనపడింది. దారి కింద రాయి లేదు. పైన మట్టి మాత్రం ఇంటి చూరులా ముందుకి వేలాడుతోంది, కింద డ్రిల్లు వేసిన గీతలు వరసగా ఉన్నాయి. మనుషులు నడిచే దారి కిందనుంచి రాయి తవ్వుకుపోయారు. పైనుంచి చూసేవాడికి అది దారి. పక్కనుంచి చూస్తే అట్లకాడ మీద అట్టు.

"ఆవిడ కాలు జారలేదు" అన్నారు అయ్యగారు. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా గొడుగు కొనతో నేలని పొడుచుకుంటూ నడిచారు.

ఆ క్వారీ యజమానిని ఇక్కడ క్వారీ ఆయన అనే రాస్తాను. పేరు రాస్తే ఉచితంగా ప్రచారం ఇచ్చినట్టవుతుంది, మా ఇంట్లో ఏదీ ఉచితంగా ఇవ్వరు.

ఓదార్చడానికి వచ్చిన తోటి పాస్టర్లు, "క్షమించేయండి అయ్యగారూ" అన్నారు.

"అతను అడిగాడా?"

"అడగలేదు కానీ..."

"అడగని సరుకు పొట్లం కట్టి ఇంటికి పంపమంటారా?"

ఈ మాట మాత్రం ఆయన నా దగ్గర నేర్చుకున్నదే.

క్వారీల చుట్టూ ఉన్న మా ఊళ్లలో రాజీ అని ఒక రివాజు ఉంది. బ్లాస్టింగులో రాయి తగిలి మనిషి కాలు పోయినా, రాళ్ల లారీ గేదెని గుద్దినా, కేసు ముదరకముందే పెద్దమనుషులు కూర్చుని తెగ్గొడతారు. కాగితం ఉండదు. ఒప్పుకున్నవాడు పెద్దమనిషి చేతిలో చెయ్యి వేస్తాడు, అంతే. చెయ్యి వేసి మాట తప్పాడన్న పేరొస్తే ఇక ఆ క్వారీవాడితో ఎవరూ రాజీకి కూర్చోరు, తిన్నగా కోర్టుకి పోతారు. కాబట్టి క్వారీ నడవడానికి రాయి ఎంత అవసరమో రాజీ అంత అవసరం. అయ్యగారి తరఫున మాట్లాడే పెద్దమనిషిగా నన్ను పిలిచారు. బేరానికి నన్ను మించినవాడు లేడని పేరు మరి.

ముందురోజే ఆయనకి చెప్పాను. "అయ్యగారూ, మీరు నోరు విప్పొద్దు. మొహం మాడ్చుకుని కూర్చోండి చాలు. మిగతాది నాకొదిలేయండి."

"సరే" అన్నారు.

క్వారీ ఆయన ఆఫీసు గదిలో కూర్చున్నాం. క్వారీ ఆయనా, ఆయన తరఫున ఒక లారీల ఓనరూ, నేనూ, అయ్యగారూ. క్వారీ ఆయన తనంత తానే ఒక అంకె అన్నాడు. నేను చెప్పులు వేసుకున్నాను. ఆయన పెంచాడు. నేను చెప్పులు విప్పాను గానీ కూర్చోలేదు. ఆ పూట నా నోట్లో సరస్వతి ఉంది. అమ్మగారిని తలుచుకుని ఆవిడ ఎట్లా లాగేదో అట్లాగే లాగాను. చివరికి ఆయన మెడమీద చెమట పట్టే అంకె దగ్గరికి తెచ్చి ఆపాను. ఇంకొక్క మాటంటే మొత్తం తెగిపోతుందని నాకు తెలుసు. గెలిచినవాడిలా అయ్యగారి వైపు చూశాను.

"డబ్బు వద్దు" అన్నారు అయ్యగారు.

నేను ఆయన కాలు తొక్కాను. ఆయన కాలు తీసుకున్నారు.

"నిర్గమకాండంలో ఒక చట్టం ఉంది. ఎవడన్నా గొయ్యి తవ్వి మూత వెయ్యకపోతే, అందులో ఎద్దో గాడిదో పడితే, గొయ్యి గలవాడు ఆ నష్టం పూర్తి చెయ్యాలి. శెట్టికి చెప్పాను, షిల్లేమ్ అని, ఆ వేరు మాటే అక్కడ కూడా ఉంది. అందరూ అక్కడితో ఆపేస్తారు. దాని తర్వాత ఇంకో ముక్క ఉంది. వెహమ్మేత్ యిహ్యె లో. చచ్చినది వాడిదవుతుంది." ఆయన క్వారీ ఆయన మొహంలోకి చూశారు. "గొయ్యి నీది. చచ్చినది నీది."

క్వారీ ఆయన నా వైపు చూశాడు. నాకు తెలిస్తే కదా.

"అంటే... నన్నేం చెయ్యమంటారండీ?"

"ఆ గోతికి కంచె వెయ్యి. ఆవిడ ఫోటో మీ ఇంట్లో, వీధి తలుపు తీయగానే కనపడే గోడకి పెట్టు. ఏటేటా ఆవిడ జ్ఞాపకార్థ కూటం నీ ఇంట్లో నువ్వు పెట్టు. ఆ రోజు ఇంటి యజమానిగా నువ్వు లేచి నిలబడి, ఆవిడ ఎవరో, ఎట్లా పోయిందో చెప్పాలి. అంతే."

క్రైస్తవులు పోయినవాళ్ల పేరు మీద ఏడాదికోసారి ఆ కూటం పెడతారు. షామియానా, ఫోటో, పాటలు, ప్రార్థన, ఇంటివాళ్లు లేచి పోయినవాళ్ల గురించి మాట్లాడటం, భోజనాలు. పోయినవాళ్లు ఎవరివాళ్లో వాళ్లే పెడతారు. ఇంకొకరు పెట్టడం నేను వినలేదు.

క్వారీ ఆయన కళ్లలో తూకం కనపడింది. ఒక పక్క నేను పెంచుకుంటూ పోయిన అంకె. ఇంకో పక్క ఒక ఫోటో, ఏడాదికో పూట భోజనాలు, ఇంత ముళ్లతీగ. మా బాపతు మనిషే పాపం. తక్కువ ధర చెవిన పడగానే, ఏం కొంటున్నాడో చూసుకోకుండా చెయ్యి చాపాడు. "ఇంతేగా? మాటే!" అని నా చేతిలో చెయ్యి వేసేశాడు. ఆ చేతి తడి నాకింకా గుర్తుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆయన్ని తిట్టిపోశాను. "బంగారం లాంటి బేరమండీ. వాడు నవ్వుకుంటుంటాడు ఈపాటికి."

"శెట్టీ, ఆ డబ్బు పెట్టి అతను ఏం కొనుక్కునేవాడు?"

"ఏం కొనుక్కుంటాడు? కేసు లేకుండా చేసుకుంటాడు."

"మర్చిపోవడం కొనుక్కుంటాడు. ఇప్పుడు నువ్వు చెప్పు, ఎంతకి అమ్ముదాం?"

నా జన్మలో నేను ధర చెప్పలేకపోయిన సరుకు అదొక్కటే.

కంచెకి ముళ్లతీగ నా కొట్టు నుంచే వెళ్లింది. తుప్పు పట్టని రకం ఇచ్చాను. ధర మాత్రం కళ్లు మూసుకుని చెప్పాను. క్వారీ ఆయన బేరమాడలేదు. పాపమని తెలిసీ మొత్తం తీసుకున్నాను, ఒక్క పైసా వెనక్కి ఇవ్వలేదు. అమ్మగారి ఖాతాలో వేసుకున్నాను.

మొదటి కూటానికి క్వారీ ఆయన ఇంటిముందు పెద్ద షామియానా వేశారు. పలావు వాసన వీధి చివరికి వస్తోంది. హాల్లో, గుమ్మానికి ఎదురుగా, అమ్మగారి ఫోటో. బేరం కుదరబోతుంటే పెదవి ఒక పక్కకి లాగేదే, ఆ మొహమే. క్వారీ ఆయన భార్య దానికి బంతిపూల దండ వేయబోయింది.

"దండ వద్దమ్మా" అన్నారు అయ్యగారు. "దండ వేస్తే దేవతైపోతుంది. దేవతకి మొక్కి మర్చిపోవచ్చు. ఆవిడ మనిషి."

పాటలయ్యాయి. ప్రార్థనైంది. క్వారీ ఆయన లేచాడు. "అమ్మగారు చాలా మంచి మనిషండీ. దురదృష్టం, కాలు జారి..."

"జారలేదు" అన్నారు అయ్యగారు, కూర్చున్న చోటు నుంచే. గొంతు పెంచలేదు.

క్వారీ ఆయన, "అంటే ప్రమాదవశాత్తూ..." అన్నాడు.

"పూర్తిగా చెప్పు."

ఊరి జనమంతా అక్కడున్నారు. వంటవాళ్లు గరిటెలు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ దగ్గలేదు. వెనక్కి వాలి కూర్చున్న అయ్యగారికి ఎక్కడికీ పోవాల్సిన తొందర లేదు. పలావు చల్లారుతోంది. చాలాసేపటికి క్వారీ ఆయన నేల చూపులు చూస్తూ, "దారి కింద రాయి నేనే తీయించాను. ఆ దారి కూలిపోయి ఆవిడ చనిపోయింది" అన్నాడు.

అయ్యగారు తల ఊపి, "ఆమేన్" అని, భోజనానికి లేచారు. విస్తరి ముందు కూర్చుని రెండోసారి కూర అడిగి వేయించుకున్నారు. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ, చెమటలు కక్కుకుంటూ, ఎముక మిగలకుండా తిన్నారు. అంత ఆనందంగా తినే మనిషిని నేను పెళ్లిళ్లలో కూడా చూడలేదు. ఆయన పక్కన కూర్చుని నేనూ తిన్నాను. ఎదుటివాడి ఇంట్లో, వాడి మొహం చూస్తూ తినే తిండికి ఒక రుచి ఉంటుంది. అది చెడ్డ రుచేనేమో. కానీ రుచే.

ఆ తర్వాతి ఏడాది క్వారీ ఆయన మనవరాలు, మాటలు బాగా వచ్చిన పిల్ల, కూటం మధ్యలో లేచి, "తాతా, ఈ మామ్మ మనకేమవుతుంది?" అంది. క్వారీ ఆయన అయ్యగారి వైపు చూశాడు. ఆ పిల్లకి వేరే మాటేదన్నా చెప్పనివ్వమని అడుగుతున్నట్టుగా ఉంది చూపు. అయ్యగారు పిల్లవైపే చూస్తూ కూర్చున్నారు. "మీ తాత చెబుతాడమ్మా" అన్నారు. చెప్పాడు. పిల్ల అంతా విని, "అయితే సారీ చెప్పావా?" అంది. క్వారీ ఆయన లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు కూడా అయ్యగారు రెండోసారి కూర వేయించుకున్నారు.

వాస్తు చూసే అతనెవరో, చనిపోయిన పరాయివాళ్ల ఫోటో గుమ్మానికెదురుగా ఉండకూడదన్నాడట. క్వారీ ఆయన నా కొట్టుకి వచ్చాడు. "కనీసం వెనక గదిలోకి మార్చుకుంటా శెట్టిగారూ. ఆయన్ని మీరు ఒప్పించాలి." నేను ఆ కబురు మోసుకెళ్లాను, మోస్తూ దారి పొడుగునా నవ్వుకున్నాను కూడా.

"పరాయివాళ్లంటున్నాడా?" అన్నారు అయ్యగారు. "చెయ్యి వేసినప్పుడు ఆవిడ అతనిదైందని చెప్పు. సొంతవాళ్లకి వాస్తు అడ్డం రాదు."

ఇంకో ఏడాది గడిచేసరికి వాళ్ల డ్రైవరు నా కొట్టులో ఒక మాట చెప్పాడు. క్వారీ ఆయన ఇప్పుడు వీధి తలుపు నుంచి ఇంట్లోకి రావడం లేదట. కారు వెనక సందులో ఆపించి, దొడ్డి తలుపు తీయించుకుని, వంటింట్లోంచి లోపలికి వెళుతున్నాడట. సొంత ఇల్లు, పాలరాతి గచ్చు, నిలువెత్తు టేకు తలుపు, ఆయన మాత్రం పాలవాడిలా వెనకనుంచి వస్తున్నాడు.

ఆ సాయంత్రం బల్ల మీద కూర్చున్న అయ్యగారికి ఇది చెప్పాను. ఆయన గొడుగు నేలకి ఆనించి, దాని పిడి మీద రెండు చేతులూ పెట్టి, "తామూత్ రగ్లామ్. కాలికింద నిలకడ పోయింది" అన్నారు. దేవుడికి రసీదు ఇస్తున్నట్టు అన్నారు.

నేను ఊరుకోలేక అడిగాను. "పగ నాదన్నాడు కదండీ ఆయన. మరి మధ్యలో మీరు వేలు పెట్టొచ్చా?"

"నేనేం చేశానయ్యా? కొట్టానా, తిట్టానా? పిలిస్తే వెళ్లి భోంచేసి వస్తున్నాను."

"మరి చల్లారిందా?"

ఆయన నా వైపు తిరిగారు. ఆ చూపుని ఇప్పటికీ ఏ గూట్లో పెట్టాలో నాకు తెలియదు. "ఇంట్లో రెండు కంచాలున్నాయి శెట్టీ. రోజూ రెండూ కడుగుతాను. పూర్తి చేయించడమంటే ఆ రెండో కంచానికి మనిషి రావడం. అది దేవుడి వల్ల కూడా ఇంకా కాలేదు. అయ్యేదాకా వెళ్తాను."

వెళ్లారు. మోకాళ్లు పట్టేసిన ఏడాది కూడా, ఆటో అతన్ని పట్టుకుని మెట్లెక్కి మరీ వెళ్లారు. తినలేకపోయినా కూర రెండోసారి వేయించుకుని విస్తట్లో పెట్టుకుని కూర్చున్నారు. ఈ ఎండాకాలం నిద్రలో పోయారు. సమాధి సంగతి ముందే చెప్పాను.

అది జరిగిన వారంలోనే క్వారీ ఆయన మా కొట్టు ముందు కారు దిగాడు. చంకలో పేపరు చుట్టిన పలక లాంటిది ఉంది. విప్పకుండానే అదేమిటో తెలిసింది.

"శెట్టిగారూ, ఆయన పోయారు కదా. ఇక అడిగేవాళ్లు లేరు. దీన్ని వాళ్ల చర్చివాళ్లకి ఇచ్చేద్దామని. పెద్దమనిషిగా మీరొక మాటంటే..."

నేను మేకులు తూస్తూ కూర్చున్నాను.

"పోనీ, ఫోటో ఉంచుతానండీ. కూటం ఆపేద్దాం."

మేకులు తూశాను.

"పోనీ, కూటం కూడా పెడతా, భోజనాలు ఇంకా ఘనంగా పెడతా. నేను లేచి చెప్పేది ఒక్కటి తీసెయ్యండి. మనవరాలు పెద్దదవుతోంది శెట్టిగారూ. బళ్లో కూడా చెబుతోంది."

అంత చక్కటి బేరం నేనెప్పుడూ వినలేదు. రెండు పక్కలా ఆయనే ఆడుతున్నాడు, రెండు పక్కలా ఆయనే ఓడిపోతున్నాడు. నేను తక్కెడ పక్కన పెట్టాను.

"మీరు చెయ్యి వేసింది నా చేతిలోనండీ. నేనింకా ఉన్నాను."

"ఆయనే లేరు కదండీ."

"ఆయన మాత్రం ఎక్కడ పడ్డారనుకున్నారు? ఆ గోతిలోనేనండీ. ఆవిడతో పాటే పడ్డారు. అడుగు తగలడానికి ఇన్నేళ్లు పట్టింది, అంతే. ఆయన కూడా మీవారే."

క్వారీ ఆయన కౌంటరు పట్టుకుని నిలబడ్డాడు. రోడ్డు మీద మిరపకాయల బస్తాల లారీ ఒకటి పోయింది. దాని ఘాటుకి ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం. ఆయన తుడుచుకుంటూనే ఉన్నాడు. చంకలోని పేపరు పొట్లాన్ని సర్దుకున్నాడు.

"ఆయన ఫోటో ఎంత సైజు కట్టించమంటారు?" అన్నాడు.

"ఆవిడదెంతో అంతే" అన్నాను.